కందిరీగే కదా అనుకున్నాం

వినాయక చవితి రోజు పొద్దున్నే ఇంట్లో ఎంత హడావుడిగా ఉంటుందో మీకు నేను చెప్పాలా? 2024లో చవితి సెప్టెంబర్ 7న, శనివారం వచ్చింది. మన పండగ సెలవు రోజున రావడమే ఇక్కడ ఒక పండగ. పైగా ఆ ఏడాది అమ్మ కూడా మా దగ్గరే ఉంది. "కుడుములూ పులిహోరా నేను చూసుకుంటాను, నువ్వెళ్ళి పత్రి కోసుకురా" అని పొద్దున్నే పనులు పంచేసింది.

మేముండేది నార్త్ కరోలినాలో, రాలీ పక్కన. ఇరవై ఒక్క రకాల పత్రి ఇక్కడెక్కడ దొరుకుతుంది? మారేడు లేదు, జమ్మి లేదు, జిల్లేడు లేదు. కుండీల్లో తులసి, దానిమ్మ, మల్లె ఉన్నాయి. గరికకి మాత్రం కొదవ లేదు. ఇక్కడివాళ్ళు బెర్ముడా గడ్డి అని పిలిచేది మన గరికే. మా కంచె పక్కన బీరపందిరి కింద ఏపుగా పెరిగి ఉంది. తలంటుకుని పట్టుచీర కట్టుకున్నాను, కాళ్ళకి హవాయి చెప్పులు, చేతిలో పళ్ళెం. వంగి గరిక లాగుతున్నాను. పందిరి గుంజ పక్కన నేలలో బొటనవేలు పట్టేంత కన్నం ఉందని నాకు తెలియదు.

మొదటిది చీలమండ మీద కుట్టింది. నిప్పు అంటుకున్నట్లయింది. చేత్తో కొట్టాను. ఆ వెంటనే ఇంకొకటి అక్కడే, మూడోది మోచేతి దగ్గర. పళ్ళెం అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తాను.

అమ్మ చూసి, "కందిరీగే కదా, సున్నం రాస్తే పది నిమిషాల్లో లాగేస్తుంది" అంది. భోజనం కాగానే తాంబూలం వేసుకునే అలవాటు కాబట్టి సున్నం డబ్బా ఎప్పుడూ తన దగ్గరే ఉంటుంది. మూడు చోట్లా రాసింది. నేను స్టవ్ దగ్గరకెళ్ళి ఉండ్రాళ్ళు ఆవిరికి పెట్టాను. పన్నెండింటికి నాలుగు కుటుంబాలు భోజనానికి వస్తున్నాయి. కుట్టిన చోటు పట్టుకుని కూర్చునే తీరిక ఎవరికుంది?

ఓ పది నిమిషాలయ్యాక అరచేతులు దురద మొదలయ్యాయి. తర్వాత మాడు. వంటింటి వేడి అనుకున్నాను. చీర గుచ్చుకుంటోందేమో అనుకున్నాను. మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు లేచాయి. ఇంతలో కడుపులో మెలిపెట్టినట్లయింది. అందరి ముందూ ఎందుకని బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. వాంతి అయింది. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉంది. కారణం చెప్పలేను కానీ, ఏదో చెడు జరగబోతోందన్న భయం ఒక్కసారిగా కమ్మేసింది.

మా పెద్దమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. తలుపు కొట్టింది. "ఏం లేదమ్మా, వస్తున్నా" అన్నాను. నా గొంతు నాకే వేరేలా వినిపించింది. "అమ్మా, డోర్ తియ్యి. నీ వాయిస్ ఎందుకలా ఉంది?" అని అది వదల్లేదు. గోడ పట్టుకుని లేచి గడియ తీశాను. నా మొహం చూసి, వాళ్ళ నాన్నని కేకేసింది. దాని క్లాసులో వేరుశనగ పడని పిల్ల ఒకతి ఉంది. ఆ పిల్లకి ఏమైనా అయితే ఏం చెయ్యాలో బడిలో అందరికీ నేర్పారట. మావారు కారు తాళాలు వెతుకుతున్నారు, పావుగంటలో మనమే ఆస్పత్రికి వెళ్ళిపోవచ్చని. నేనేమో అంతకంటే తెలివిగా, "పూజ కానివ్వండి, చూద్దాం. అంబులెన్స్ ఎందుకు, వేలల్లో బిల్లు వస్తుంది, చుట్టుపక్కల వాళ్ళేమనుకుంటారు" అంటున్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే అది 911కి ఫోన్ చేసి అడ్రస్ చెప్పేసింది.

అంబులెన్స్ వాళ్ళు వచ్చేసరికి హాల్లో నేల మీద పడుకుని ఉన్నాను. బీపీ బాగా పడిపోయింది. పట్టుచీర మీద నుంచే తొడకి సూది వేశారు. మూడు నాలుగు నిమిషాల్లో గొంతు విడింది. ఆస్పత్రిలో సాయంత్రం దాకా ఉంచుకుని పంపారు. ఆ రోజు మా ఇంట్లో వినాయకుడికి పూజ రాత్రి ఎనిమిదింటికి జరిగింది. పత్రి లేదు, ఉండ్రాళ్ళు మాడిపోయాయి.

అక్కడి డాక్టరు ఇంటికి పంపేముందు నన్నొకటే అడిగారు: కుట్టాక అంతసేపు ఎందుకు ఆగారు? సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం రాయడానికి ఆ ప్రశ్నే కారణం.

పేరు ఒకటే, పురుగు వేరు

అమ్మ తప్పు చేసిందని నేను అనను. తను చిన్నప్పటి నుంచి చూసిన కందిరీగ వేరు. మన ఊళ్ళలో గోడ మూలల్లో, తలుపు సందుల్లో తడిమట్టి తెచ్చి గూడు కట్టే సన్నని నడుము కందిరీగ మీకు గుర్తుండే ఉంటుంది. అది ఇంట్లో గూడు పెడితే ఆ ఇంట్లో పిల్లలు పుడతారని మా అమ్మమ్మ అనేది. ఎవరూ దాని గూడు పగలగొట్టనిచ్చేది కాదు. ఆ జాతి ఒంటరిగా బతుకుతుంది. గూడు కాపాడుకోవడానికి మనమీదకి రాదు. చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టడం అరుదు. అమెరికాలోనూ గరాజుల్లో మట్టిగొట్టాల్లాంటి గూళ్ళు కనిపిస్తాయి, మడ్ డాబర్ అంటారు. దాని జోలికి వెళ్ళకపోయినా ఇబ్బంది లేదు.

నన్ను కుట్టింది ఎల్లో జాకెట్. పసుపు, నలుపు చారలతో ఇంచుమించు తేనెటీగంత ఉంటుంది. ఒంటి మీద తేనెటీగలాగా నూగు ఉండదు, నున్నగా మెరుస్తుంది. ఇది సంఘజీవి. నేలలో ఎలకలు వదిలేసిన బొరియల్లో, ఇంటి సైడింగ్ వెనక, గోడ మధ్య ఖాళీల్లో కాగితంలాంటి పదార్థంతో గూడు కడుతుంది. చలికాలం దాటి బతికిన ఒక్క రాణి వసంతంలో గూడు మొదలుపెడుతుంది. ఆగస్టు, సెప్టెంబర్ వచ్చేసరికి అందులో వెయ్యి నుంచి కొన్ని వేల ఈగలు ఉంటాయి. మంచు పడగానే కొత్త రాణులు తప్ప మిగిలినవన్నీ చనిపోతాయి. అంటే గూడు నిండుగా, చిరాకుగా ఉండే కాలం, మన చవితి, బతుకమ్మ, దసరాలకి పూలూ పత్రీ కోసుకునే కాలం ఒకటే.

చూరు కింద, డెక్ కింద, మెయిల్ బాక్సులో గొడుగు తిరగేసినట్టు గదులు బయటికి కనిపించే చిన్న గూడు ఉంటే అది పేపర్ వాస్ప్. చెట్టుకొమ్మకి బూడిదరంగు బంతిలా వేలాడేది బాల్డ్ ఫేస్డ్ హార్నెట్ గూడు. ఈ మూడూ గూడు జోలికి వెళ్తే గుంపుగా వస్తాయి. తేనెటీగ కుడితే ముల్లు మన చర్మంలో ఉండిపోయి అది చచ్చిపోతుంది. కందిరీగ అలా కాదు, ఒక్కటే నాలుగైదుసార్లు కుట్టగలదు. పైగా దాన్ని నలిపితే వచ్చే వాసన మిగతావాటికి పిలుపు. నేను చేత్తో కొట్టడం ఎంత తెలివితక్కువ పనో తర్వాత తెలిసింది.

ఎంతవరకు మామూలు?

కందిరీగ కుట్టిన ప్రతివాళ్ళూ ఆస్పత్రికి పరుగెత్తాలా? అక్కర్లేదు. చాలామందికి కుట్టిన చోట మంట, ఎరుపు, కొంచెం వాపు వచ్చి కొన్ని గంటల్లో, మహా అయితే ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. సబ్బు నీళ్ళతో కడిగి, ఐసు గుడ్డలో చుట్టి పెడితే చాలు.

కొంతమందికి వాపు పెద్దదవుతుంది. వేలు మీద కుడితే మోచెయ్యి దాకా పాకుతుంది. నాలుగంగుళాలు దాటి, రెండో రోజుకి ఇంకా పెరిగి, వారం పది రోజులుంటుంది. చూడ్డానికి భయంగా ఉన్నా అది ఆ ఒక్క చోటికి సంబంధించినదే. ఐసు, దురద తగ్గే మాత్రలతో తగ్గుతుంది. 2022 వేసవిలో డెక్ మీద కుట్టినప్పుడు నాకు వచ్చింది ఇదే. చెయ్యి బూరెలా ఉబ్బింది, తగ్గిపోయింది, మర్చిపోయాను. ఇలా వాచినవాళ్ళలో ఎక్కువమందికి తర్వాత కుట్టినా ప్రాణం మీదకి రాదు. నాలాంటి కొద్దిమందికి వస్తుంది. అందుకే ఒకసారి పెద్దగా వాచిందంటే ఆ సంగతి మీ డాక్టరుకి చెప్పి, రికార్డులో రాయించండి.

మూడో రకం అసలు ప్రమాదం. కుట్టింది కాలి మీద, కానీ దురద అరచేతిలో. కుట్టింది చేతి మీద, కానీ వాపు పెదవి మీద. కుట్టిన చోటికి సంబంధం లేకుండా ఒంట్లో ఇంకెక్కడైనా ఏదైనా మొదలైతే అది అనఫిలాక్సిస్ కావచ్చు. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులూ నాలుకా వాయడం, గొంతు బొంగురుపోవడం, ఊపిరి ఆడకపోవడం, పిల్లికూతలు, కడుపునొప్పి, వాంతి, విరేచనం, కళ్ళు తిరగడం, కారణం తెలియని భయం. ఇవన్నీ ఉండాలని లేదు. దద్దుర్లు లేకుండానే బీపీ పడిపోయేవాళ్ళూ ఉన్నారు. ఎక్కువగా నిమిషాల్లో, సాధారణంగా మొదటి గంటలోపే మొదలవుతుంది.

ఎందుకిలా అవుతుంది? మొదటిసారి కుట్టినప్పుడు కొందరి ఒంట్లో ఆ విషానికి ఎదురుగా ఐజీఈ అనే యాంటీబాడీలు తయారై కాచుకుని కూర్చుంటాయి. మళ్ళీ కుట్టగానే అవి హిస్టమిన్ లాంటి రసాయనాలని ఒక్కసారిగా రక్తంలోకి వదిలిస్తాయి. రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది, గొంతూ ఊపిరితిత్తుల దారులూ మూసుకుపోతాయి. చిన్నప్పుడు ఎన్నోసార్లు కుట్టించుకున్నాం, ఏం కాలేదు అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఏ వయసులోనైనా ఇది మొదలు కావచ్చు.

అలర్జీ లేనివాళ్ళకీ ఒక ప్రమాదం ఉంది. పదులకొద్దీ ఈగలు ఒకేసారి కుడితే విషం మోతాదే ఎక్కువై కండరాలు దెబ్బతిని, మూత్రపిండాలు చెడిపోవచ్చు. 2013లో చైనాలోని షాన్షీ రాష్ట్రంలో పెద్ద కందిరీగలు కుట్టి కొద్ది నెలల్లో 40 మందికి పైగా చనిపోయారు. ఎక్కువచోట్ల కుట్టినప్పుడు బాగానే ఉన్నామనిపించినా డాక్టరుకి చూపించుకోవాలి. నోట్లో, గొంతులో కుట్టినా అంతే, అలర్జీ లేకపోయినా వాపు ఊపిరికి అడ్డం పడుతుంది.

ముందు సూది, తర్వాతే మిగతావి

అనఫిలాక్సిస్‌కి మొదటి మందు ఎపినెఫ్రిన్ ఒక్కటే. దీన్నే అడ్రినలిన్ అంటారు. మన మందుల డబ్బాలో ఉండే బెనడ్రిల్, సెట్రిజిన్ దురదని తగ్గిస్తాయి కానీ మూసుకుపోతున్న గొంతుని తెరవలేవు, పడిపోతున్న బీపీని లేపలేవు. మాత్ర వేసుకుని చూద్దాం అని ఆగడమే చాలామంది చేసే పొరపాటు. సున్నం, ఉల్లిపాయ, పసుపు, ఇనుప తాళంచెవి రుద్దడం, వీటి సంగతి చెప్పక్కర్లేదు. మంట తగ్గిందని అమ్మకి తృప్తి, అంతే. పైగా సున్నం చర్మాన్ని కాలుస్తుంది కూడా.

ఎపినెఫ్రిన్ పెన్ ఉన్నవాళ్ళు తొడ బయటివైపు మధ్యభాగంలో, బట్టల మీద నుంచే గట్టిగా నొక్కిపట్టాలి. ఎపిపెన్ అయితే నీలం మూత తీసేసి, నారింజరంగు కొసని తొడకి ఆనించాలి. కంగారులో తిరగేసి పట్టుకుని బొటనవేలుకి పొడుచుకునేవాళ్ళు ఉన్నారు, అందుకే శిక్షణ కోసం ఇచ్చే ఉత్తి పెన్‌తో ఇంట్లో అందరం సాధన చేస్తాం. వెంటనే అంబులెన్స్‌ని పిలవాలి. అమెరికా, కెనడాల్లో 911. బ్రిటన్, మలేసియాల్లో 999. ఆస్ట్రేలియాలో 000. యుఏఈలో అంబులెన్స్‌కి 998. ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే రెండో సూది వేస్తారు, అందుకే పెన్‌లు ఎప్పుడూ జంటగా ఉంచుకోవాలి. తగ్గినా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. కొందరికి కొన్ని గంటల తర్వాత అదే మళ్ళీ తిరగబెడుతుంది.

ఇంకొక మాట. రోగిని పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తులో పెట్టండి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వండి, వాంతి అవుతుంటే పక్కకి తిప్పండి. నిలబెట్టకండి, నడిపించకండి. బీపీ పడిపోయినవాళ్ళు ఒక్కసారిగా లేస్తే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. నేను గోడ పట్టుకుని లేచి తలుపు తీశానని చెప్పాను కదా, అదీ చెయ్యకూడని పనేనట. కారులో మనమే తీసుకెళ్దామనుకోవడం కూడా అందుకే మంచిది కాదు. దారిలో గొంతు మూసుకుపోతే కారు నడిపేవాళ్ళేం చేస్తారు?

సూది అంటే భయపడేవాళ్ళ కోసం ముక్కులో కొట్టుకునే ఎపినెఫ్రిన్ స్ప్రేకి 2024 ఆగస్టులో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, నెఫీ అని. ఏది మీకు సరైనదో మీ డాక్టరే చెప్పాలి. ఏదైనా సరే, ఎండలో ఉన్న కారులో వదలకండి, ఫ్రిజ్‌లోనూ పెట్టకండి, గడువు తేదీ చూసుకోండి. నా రెండు పెన్‌లూ ఎక్కడికెళ్ళినా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటాయి. ఇండియాకి వెళ్ళేటప్పుడు డాక్టరు చీటీతో పాటు ఇక్కడి నుంచే తీసుకెళ్తాను.

అమ్మ బీపీ మాత్ర

నాకు జరిగిన తర్వాత డాక్టరు దగ్గర తెలిసిన సంగతి ఒకటి నాకు నిద్ర పట్టనివ్వలేదు. అమ్మ పదిహేనేళ్ళుగా బీపీకి అటెనొలాల్ వేసుకుంటోంది. అది బీటా బ్లాకర్ రకం మందు. ఆ రకం మందులు వాడేవాళ్ళకి అనఫిలాక్సిస్ వస్తే తీవ్రంగా ఉండవచ్చు, ఎపినెఫ్రిన్ మామూలుగా పనిచేసినట్టు పనిచెయ్యకపోవచ్చు కూడా. ఆ ఉదయం గరిక కోయడానికి నాకు బదులు అమ్మ వెళ్ళి ఉంటే?

దీనర్థం బీపీ మాత్రలు మానెయ్యమని కాదు, అది ఇంకా ప్రమాదం. కానీ మన దగ్గరకి వచ్చే అమ్మానాన్నలు, అత్తమామలు ఏ మందులు వాడుతున్నారో పేర్లతో సహా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. అంబులెన్స్ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి 911కి ఫోన్ చెయ్యడం, ఇంటి అడ్రస్ చెప్పడం నేర్పండి. ఇంగ్లిష్ రాకపోతే "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పి లైన్‌లో ఉండమనండి, దుబాసీని కలిపే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. వాళ్ళకి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు అత్యవసర చికిత్స ఎంతవరకు వస్తుందో చదివి తీసుకోండి. బిల్లు సంగతి ముందే తేల్చుకుంటే ఆ సమయానికి ఎవరూ దాని గురించి ఆలోచించరు.

గూడు సంగతి

మర్నాడు మావారు ఆ కన్నంలో పెట్రోలు పోస్తానని బయల్దేరారు. ఆపాను. అది నేలలోకీ నీళ్ళలోకీ దిగుతుంది, నిప్పంటుకుంటే ఇల్లు మిగలదు. కన్నం మూసెయ్యడమూ పనికిరాదు. ముఖ్యంగా గోడలో గూడు ఉన్నప్పుడు బయటి దారి మూస్తే అవి లోపలి డ్రైవాల్ కొరికి మన గదిలోకి వస్తాయి. నిచ్చెన మీద నిలబడి స్ప్రే కొట్టడం మరీ ప్రమాదం, అవి మీద పడితే దిగడానికి తోవ ఉండదు. మందు డబ్బా మీద రాసింది చదవకుండా ఇంట్లో కొడితే పిల్లలకీ, పిల్లులకీ హాని.

అలర్జీ ఉన్న ఇంట్లో ఈ పని లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళకే వదిలెయ్యాలి. మా ఇంటికి వచ్చినతను చీకటి పడే వేళకి, ఈగలన్నీ గూటికి చేరాక, ఒళ్ళంతా కప్పే బట్టలు వేసుకుని మందు పొడి చల్లాడు. రెండు రోజుల తర్వాత వచ్చి, రాకపోకలు ఆగాయని చూసుకుని గూడు తీశాడు. తవ్వితే నా రెండు దోసిళ్ళకంటే పెద్దగా ఉంది. వేసవంతా దాని పక్కనే నిలబడి బీరకాయలు కోశాను!

గూడు ఏప్రిల్, మే నెలల్లో ఇంకా చిన్నగా ఉన్నప్పుడే కనిపెట్టడం తేలిక. ఇప్పుడు వారానికొకసారి చూరు కింద, డెక్ కింద, గ్రిల్ మూతలో, పిల్లల ఊయల గొట్టాల్లో చూస్తాను. నేలలో ఒకే చోటికి ఈగలు వస్తూ పోతూ ఉంటే పది అడుగుల దూరం నుంచే వెనక్కి వచ్చేస్తాను. లాన్ మోవర్ చప్పుడుకీ అదురుకీ అవి రేగుతాయి కాబట్టి గడ్డి కోసే ముందు మావారు ఒక చుట్టు తిరిగి వస్తారు.

వేసవి చివర ఎల్లో జాకెట్లకి తీపి పిచ్చి. పెరట్లో విందు పెట్టినప్పుడు పానకం, పళ్ళరసం, సోడా మూత పెట్టి ఉంచుతాం. డబ్బాలోంచి నేరుగా తాగకుండా గ్లాసులో పోసుకుంటాం, డబ్బాలో దూరిన ఈగ కనిపించదు. నిమజ్జనం రోజున పంచామృతం, అరటిపళ్ళు ఆరుబయట తెరిచి పెట్టం. చెట్టు కింద రాలిన పళ్ళు ఏ రోజుకారోజు తీసేస్తాం. చెత్తడబ్బా మూత బిగిస్తాం. తోటలోకి వెళ్తే బూట్లు, సాక్సు, చేతులకి గ్లవ్స్. ఈగ చుట్టూ తిరుగుతుంటే చేతులు విదిలించకుండా మెల్లిగా పక్కకి జరగాలి. గుంపు వస్తే మాత్రం మొహం కప్పుకుని ఇంట్లోకో కారులోకో పరుగెత్తి తలుపు వేసుకోవాలి.

ఇంత చెప్పాక ఒక న్యాయమైన మాట. ఇవి మన మొక్కల్ని తినే గొంగళిపురుగుల్ని, ఈగల్ని వేటాడి తింటాయి. మనుషులు తిరగని చోట గూడు ఉంటే వదిలెయ్యడమే మంచిది. మంచు పడితే అదే ఖాళీ అవుతుంది.

మూడు నుంచి ఐదేళ్ళ వైద్యం

చాలామందికి తెలియనిది ఇదే: ఈ అలర్జీకి వైద్యం ఉంది. నన్ను ఎలర్జిస్ట్ దగ్గరకి పంపారు. కుట్టిన వెంటనే చేస్తే పరీక్ష తప్పుగా చూపించవచ్చని కొన్ని వారాలు ఆగి, చర్మం మీద కొద్దికొద్ది విషంతో పరీక్ష చేశారు, రక్తపరీక్షా చేశారు. ఎల్లో జాకెట్ విషానికి అలర్జీ అని తేలింది. అప్పటి నుంచి వెనం ఇమ్యునోథెరపీ తీసుకుంటున్నాను. అంటే ఆ కందిరీగ విషాన్నే అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, పెంచుకుంటూ ఇంజెక్షన్‌గా ఇస్తారు. మొదట వారం వారం, తర్వాత నెలకొకసారి. ఇంజెక్షన్ అయ్యాక అరగంట అక్కడే కూర్చోబెడతారు. మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది. కందిరీగల అలర్జీ ఉన్నవాళ్ళలో నూటికి తొంభై ఐదు మంది దాకా దీనితో కాపాడబడతారు. ఈ విషపు మందులకి అమెరికాలో 1979 నుంచే అనుమతి ఉంది. అయినా ఒకసారి అనఫిలాక్సిస్ వచ్చినవాళ్ళలో ఎందరో ఎలర్జిస్ట్ గడప తొక్కరు. తగ్గిపోయిందిగా అంటారు.

భయపెట్టడానికి ఇదంతా రాయలేదు. అమెరికాలో 2000 నుంచి 2017 వరకు తేనెటీగలు, కందిరీగలు కుట్టి 1,109 మంది చనిపోయారని సీడీసీ లెక్క. అంటే ఏడాదికి సగటున 62 మంది. ఇంత పెద్ద దేశంలో అది చిన్న సంఖ్యే. చనిపోయినవాళ్ళలో నూటికి ఎనభై మంది మగవాళ్ళు. ఇంట్లో లాన్ కోసేదీ, చూరు కింద గూడు తీసేదీ వాళ్ళే అయితే వాళ్ళకీ ఇది చదివి వినిపించండి. నాకు జరిగిన మూడు వారాలకి హెలీన్ తుఫాను మా రాష్ట్రం పశ్చిమ కొండల్ని ముంచెత్తింది. వరదకి నేలలో గూళ్ళు చెదిరి ఎల్లో జాకెట్లు గుంపులుగా లేచి, ఇళ్ళు శుభ్రం చేసుకుంటున్నవాళ్ళని కుట్టాయి. సహాయ సామగ్రితో పాటు ఎపినెఫ్రిన్ సూదులు కూడా పంపాల్సి వచ్చింది. తుఫాను, వరద తర్వాత పెరడు శుభ్రం చేసేటప్పుడు ఇదీ గుర్తుంచుకోండి.

డాక్టరు అడిగిన ప్రశ్నకి ఇప్పుడు నా దగ్గర సమాధానం ఉంది. నేను ఆగింది తెలియక కాదు. ఒంట్లో ఏదో తేడాగా ఉందని నాకు తెలుస్తూనే ఉంది. కానీ పొయ్యి మీద ఉండ్రాళ్ళు ఉన్నాయి, చుట్టాలు వస్తున్నారు, పూజకి వేళవుతోంది. నా ఒంటి సంగతి ఆ జాబితాలో చివరిది. మనలో చాలామందికి అంతే కదా?

పోయిన చవితికి బూట్లు వేసుకుని, పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని నేనే గరిక కోశాను. పెద్దమ్మాయి పెన్ పట్టుకుని డెక్ మీద నిలబడింది. ఊళ్ళో ఉన్న అమ్మ వీడియో కాల్లో నన్ను చూసి, పట్టుచీర ఏదే అని నవ్వింది. కోసుకొచ్చాకే కట్టుకున్నాను.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. కందిరీగ గానీ, తేనెటీగ గానీ కుడితే ఆ సంగతి ఇంట్లో ఉన్నవాళ్ళకి వెంటనే చెప్పండి. ఓ గంటసేపు ఒంటరిగా ఉండకండి. కడుపులో తిప్పినట్టుంటే, కళ్ళు తిరిగినట్టుంటే బాత్రూంలోకి వెళ్ళి గడియ మాత్రం పెట్టుకోకండి.